కప్ప ‘స్ప్లాష్’మని దూకదు

సంపాదకుల వారికి,

నమస్కారం. గత ఆదివారం మీ పత్రిక పిల్లల పేజీలో అచ్చయిన బొమ్మల కథను మా మనవరాలికి చదివి వినిపిస్తూ, రెండో బొమ్మ దగ్గరే ఆగిపోవలసి వచ్చిన ఒక తాతగా ఈ లేఖ రాస్తున్నాను. ఆ బొమ్మలో గట్టు మీద కూర్చున్న కప్ప చెరువులోకి దూకుతుంది. నీళ్లు పైకి ఎగసిన చోట లావుపాటి అక్షరాలతో ‘స్ప్లాష్’ అని ఉంది. తరువాతి బొమ్మలో కుక్క ‘వూఫ్ వూఫ్’ అంది, ఆ పై బొమ్మలో ఎలుగుబంటి కుందేలు ఇంటి తలుపును ‘నాక్ నాక్’ అని కొట్టింది. కథ పొడుగునా మాటలన్నీ చక్కని తెలుగులో ఉన్నాయి, చప్పుళ్లు మాత్రం ఒక్కటి తప్పకుండా ఇంగ్లీషులో ఉన్నాయి. ఆరేళ్ల పిల్ల ‘స్ప్లాష్ అంటే ఏంటి తాతయ్యా?’ అని అడిగితే, ‘కప్ప బుడుంగుమని నీళ్లలో మునిగిందమ్మా’ అన్నాను. అర్థం అడగడం మానేసి, ఆ ‘బుడుంగు’ను నా చేత మరో నాలుగుసార్లు అనిపించుకుంది.

కథను అనువదించినవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. చప్పుడు ఏ దేశంలోనైనా చప్పుడే కదా, దాన్ని మార్చేదేముంటుందని వారు అనుకొని ఉండవచ్చు. చిక్కంతా అక్కడే ఉంది. చప్పుడు ఎక్కడైనా ఒకటే కావచ్చును గానీ, దాన్ని వినే చెవి మాత్రం భాషను బట్టి మారుతుంది. ఇంగ్లీషువారి ఆ ఒక్క మాటకు బదులు తెలుగులో ఏం రాయాలో తేల్చుకోవాలంటే, నీళ్లలో పడిందేమిటో, ఎంత ఎత్తునుంచి పడిందో, ఎంత లోతుకు పోయిందో ముందు తెలియాలి. కప్పగానీ, చేయిజారిన చెంబుగానీ బుడుంగుమని మునుగుతుంది. ఈత రాని కుర్రవాడు గట్టు మీదనుంచి అడ్డంగా పడితే దభేలుమంటుంది. లోతైన బావిలోకి బండరాయి దొర్లితే గుభేలుమంటుంది. చెడ్డ వార్త విన్నప్పుడు మన గుండె కూడా అదే మాట అంటుంది, రాయి అంత లోతుకు దిగుతుంది కనుక కాబోలు. తలుపు సంగతీ అంతే. వేలి కణుపుతో తడితే టకటక, అరచేత్తో కొడితే దబదబ, ప్రాణం మీదికి వచ్చి పిడికిళ్లతో బాదితే దడదడ. ఎలుగుబంటి తలుపు దబదబ బాదిందని రాసి ఉంటే, లోపలున్న కుందేలు మంచం కింద ఎందుకు దూరిందో బొమ్మ చూడకుండానే పిల్లలకు తెలిసిపోయేది.

మా అమ్మ వంట సగం చెవులతో చేసేది. నడవలో కూర్చుని విస్తళ్లు కుడుతూ, వంటింటి వైపు తల కూడా తిప్పకుండా, ‘ఎసరు సలసలమంటోంది, బియ్యం పొయ్యవే’ అని అక్కతో అనేది. బియ్యం పడగానే ఆ సలసల చప్పున అణిగిపోయి, కాసేపటికి కుతకుత మొదలయ్యేది. ఆ కుతకుత బరువెక్కి నెమ్మదించిందంటే గంజి వార్చే వేళయిందని అర్థం. సలసలకూ కుతకుతకూ తేడా వేడిలో లేదు, రెండూ మరుగుతున్న నీళ్లే. పలచని నీరు మరిగే చప్పుడు ఒకటి, మెతుకు కలిసి చిక్కబడిన నీరు మరిగే చప్పుడు ఇంకొకటి. ‘మరుగుతోంది’ అన్న క్రియ ఒక్కదానితో సరిపెట్టుకుంటే ఆ తేడా చెప్పడానికి మరో వాక్యం రాయాలి. అప్పటికి అన్నం మాడిపోతుంది.

నేను వ్యాకరణం క్రమంగా చదువుకున్నవాణ్ణి కాను. అయినా ఇవి నోటికి వచ్చినట్టు పుట్టి, నోటికి వచ్చినట్టు వాడబడే మాటలు కావని గమనించేపాటి ఆసక్తి ఉంది. ఒక్కసారి జరిగినది టక్కున జరుగుతుంది, పదేపదే జరిగేది టకటకమంటుంది. దారం పుటుక్కున తెగుతుంది, కొమ్మ ఫెళ్లున విరుగుతుంది, గాలివానకు తోటంతా ఊగిపోతుంటే ఫెళఫెళలాడుతుంది. దారాన్ని ఫెళ్లున తెంపి చూడండి, తెలుగు విన్నవాళ్లెవరైనా నవ్వుతారు. ఈ మాటలను వాక్యంలోకి తెచ్చుకునే పద్ధతి నాకు మరీ ముచ్చటగా తోస్తుంది. మనిషి మాటను చెప్పడానికి వాడే ‘అను’ అనే క్రియనే వస్తువులకూ ఇచ్చాం. గంట గణగణమంటుంది, గాజులు గలగలమంటాయి, ఎసరు సలసలమంటుంది. వస్తువు చప్పుడు చేస్తుందని కాదు, ఏదో అంటోందని మన భాష లెక్క. బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి తెలుగుకు 36 వర్ణాలని లెక్క కట్టి, ఘ, భ వంటి ఒత్తి పలికే అక్షరాలను వాటిలో చేర్చలేదు. మరి ఏ శాస్త్రమూ ఎరగని పల్లెటూరి ముసలమ్మ కూడా మంట భగభగమందనీ, కూర ఘుమఘుమలాడిందనీ ఒత్తి పలుకుతుంది. ఇక మిలమిల, తళతళ, గరగర వంటివి అసలు చెవికి వినబడేవే కావు. కంటికి తోచిన మెరుపును, వేలికి తగిలిన గరుకును కూడా మనం చప్పుడుగా మార్చి చెప్పుకుంటున్నామన్నమాట.

ఉదయపు నడకలో ఈ సంగతి ప్రస్తావిస్తే, సాహిత్యం బాగా చదువుకున్న ఒక మిత్రుడు, ‘అవి మాటలు కావండీ, చప్పుళ్లు. పసితనపు భాష. మాటలు రాకముందు పనికొస్తాయి’ అని తేల్చివేశారు. ఈ తగువు నిన్నా మొన్నటిది కాదు. యాస్కుడు వేదపదాలకు అర్థం చెప్పే తన నిరుక్తంలో ‘కాక’ అన్న పేరు ఆ పక్షి అరుపుకు అనుకరణమనీ, పక్షుల పేర్లలో ఇది తరుచుగా కనిపిస్తుందనీ చెప్పి, అనుకరణమన్నదే లేదని వాదించిన ఔపమన్యవుడి అభిప్రాయాన్ని కూడా పక్కనే నమోదు చేశాడు. పాణిని వాదానికి దిగకుండా, అవ్యక్త ధ్వనులను అనుకరించే మాటలకు సూత్రాలే కూర్చిపెట్టాడు. ‘పటపటా’ అన్న చప్పుడు సంస్కృత వాక్యంలోకి ఏ రూపంలో రావాలో అష్టాధ్యాయి చెబుతుంది. తమిళ వ్యాకర్తలు ఇటువంటి జంటలకు ‘ఇరట్టైక్కిళవి’ అని పేరు పెట్టి, వాటిని విడదీయరాదన్నారు. మన నిఘంటుకారులు ‘ధ్వన్యనుకరణము’ అని గుర్తు వేసి వీటికి చోటిచ్చారు. ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువును బరోతో కలిసి కూర్చిన ఎమెనో, 1969లో ప్రత్యేకంగా ఈ మాటల మీదనే ఒక వ్యాసం రాసి, ఈ జంట పదాల పోకడ దక్షిణాది భాషలకూ ఉత్తరాది భాషలకూ ఉమ్మడి లక్షణమని చూపించారు. పసితనపు భాష అయితే ఇంతమంది పెద్దలు దానితో కుస్తీ పట్టేవారు కాదని మా మిత్రుడికి మనవి చేశాను. ఆయన మోకాళ్లు కలుక్కుమంటున్నాయని అప్పుడే బెంచీ మీద కూర్చున్నారు, జవాబు చెప్పలేదు.

పండితుల మాట ఎలా ఉన్నా, ఈ మాటల విలువ నాకు తెలిసివచ్చింది ఆసుపత్రిలో. 33 ఏళ్లు ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మా పుస్తకాల్లో గంభీరంగా కనిపించే పేర్లు కొన్ని నిజానికి పరాయి దేశపు పాతకాలపు చప్పుళ్లే. పేగుల చప్పుడుకు మేము రాసే ‘బార్బోరిగ్మై’ గ్రీకువారి గుడగుడ. చెవిలో హోరుకు రాసే ‘టిన్నిటస్’ లాటిన్‌లో లోహం గణగణమనే మాట నుంచి వచ్చింది. రోగి ‘కడుపులో గుడగుడమంటోంది డాక్టరు గారూ’ అంటే అది పామరభాష, దాన్నే మేము గ్రీకులో రాసుకుంటే శాస్త్రం.

1816లో పారిస్‌లో లెనెక్ అనే వైద్యుడు కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి ఛాతీకి ఆనించి వినడంతో స్టెతస్కోపుకు నాంది పలికింది. అంతకుముందు ఎవరూ అంత స్పష్టంగా వినని చప్పుళ్లు కాబట్టి, 1819లో తన గ్రంథం అచ్చువేసేటప్పటికి వాటిని మాటల్లో ఎలా చెప్పాలన్నది ఆయనకు పెద్ద సమస్య. న్యుమోనియా రోగి ఊపిరిలో వినిపించే ఒక సన్నని చప్పుడును, వేడి గిన్నెలో ఉప్పు పేలే చప్పుడుతో పోల్చాడు. లాటిన్‌లో చిటపటలాడటం అని అర్థం వచ్చే మాట నుంచి దానికి ‘క్రెపిటేషన్’ అన్న పేరు వచ్చింది, అదే ఇప్పుడు మా నోళ్లలో నలిగి ‘క్రెప్స్’ అయింది. మెడికల్ కాలేజీలో మా ప్రొఫెసరు గారు ఈ పోలిక చెప్పి, అర్థం కాకపోతే చెవి పక్కన నాలుగు వెంట్రుకలు వేళ్ల మధ్య రుద్దుకుని వినమన్నారు. నాకు వెంట్రుకల అవసరం రాలేదు. మా నాయనమ్మ దిష్టి తీసి రాళ్ల ఉప్పు పొయ్యిలో వేసినప్పుడల్లా, అది ఎంత చిటపటలాడితే అంత దిష్టి ఉందని చెప్పేది. ఆ వారమే వార్డులో ఒక రోగి వీపుకు స్టెతస్కోపు ఆనించి, అతను ఊపిరి లోపలికి పీల్చుకుంటున్న చివరి క్షణంలో ఆ చప్పుడు వినగానే, ‘ఓహో, ఉప్పు’ అనుకున్నాను. ఫ్రెంచి వైద్యుడికీ మా నాయనమ్మకూ ఉప్పు ఒకటే చప్పుడు చేసింది, ఆమె దగ్గర దానికి మాట ముందే సిద్ధంగా ఉంది.

ఉద్యోగంలో చేరిన తరువాత, రోగి నోటివెంట మొదట వచ్చే ఇటువంటి మాటను తక్కిన వివరాలకంటే ముందు రాసుకోవడం అలవాటు చేసుకున్నాను. ఒకసారి ఒక అవ్వను మా హౌస్ సర్జన్, అంటే చదువు ముగించి శిక్షణలో ఉన్న కుర్ర డాక్టరు, పరీక్షిస్తున్నాడు. బాగా చదువుకున్న కుర్రవాడే. ‘నొప్పి షార్ప్‌గా ఉందా, డల్‌గా ఉందా?’ అని అడిగాడు. అవ్వ నా వైపు చూసింది. ‘ఎట్టా ఉంటది అవ్వా?’ అన్నాను. ‘ఎట్టా ఉంటదేంది నాయనా, నడుం కాడ మొదలయ్యి పిక్క దాకా జివ్వుమంటది’ అంది. దగ్గితే ఏమవుతుందంటే, ‘దగ్గినా తుమ్మినా జివ్వే’ అంది. మా కుర్రవాడు అప్పటికే ఓపీ చీటీ మీద కాలినొప్పి అని రాసి, మాత్రలు కూడా రాసేశాడు. జివ్వుమనేది కండరం కాదు, నరం. నడుములో నరం నొక్కుకుపోయిందని చెప్పడానికి ఆ అవ్వ చేయగలిగినంతా చేసింది, వినవలసినవాడికే ఆ భాష రాలేదు. అతనిదీ తెలుగు ఇల్లే, ఆ మాట తన అమ్మమ్మ నోట వినే ఉంటాడు; ఆసుపత్రి గుమ్మం దాటి లోపలికి వచ్చాక అది వైద్యానికి పనికొచ్చే మాట అని ఎవరూ అతనికి చెప్పలేదు.

అటువంటి మాటలు ఎన్ని! చీము పట్టిన వేలు సలుపుతుంది, కంట్లో నలుసు పడితే కలుక్కుమంటుంది, గొంతు గరగరమంటుంది, చక్కెర జబ్బు ముదిరినవారి అరికాళ్లు చిమచిమలాడతాయి. కడుపు మంట అని వచ్చినవారిలో భగభగమంటోందనేవారు వేరు, నకనకలాడుతోందనేవారు వేరు. తిని పడుకోగానే గుండెల్లోకి ఎగదన్నేది భగభగ. అర్ధరాత్రి ఖాళీ కడుపుతో లేపి, నాలుగు మెతుకులు తింటే సర్దుకునేది నకనక. ఈ రెండో మాట విన్నప్పుడు పేగు పుండును అనుమానించి పరీక్షకు పంపితే, నా అనుమానం నిజమైన సందర్భాలు తక్కువేమీ కాదు. పసిపిల్లల తల్లులు ‘రాత్రంతా పిల్లికూతలు’ అంటారు. ఆయాసపు చప్పుడుకు అంతకంటే కచ్చితమైన పేరు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. చలిజ్వరం వచ్చినవాడు గడగడ వణికాడంటే ఒకటి, ఒళ్లు జలదరించిందంటే ఇంకొకటి. వీటన్నిటికంటే నన్ను ఆలోచింపజేసింది మాత్రం ఒక మౌనం. నిజమైన గుండెపోటుతో వచ్చినవారిలో చాలామంది, నా అనుభవంలో, ఇటువంటి జంట పదం ఒక్కటీ వాడరు. పిడికిలి బిగించి ఛాతీ నడుమ పెట్టి, ‘పట్టేసినట్టుంది’ అనో, ‘బరువు పెట్టినట్టుంది’ అనో ఊరుకుంటారు. చురుక్కుమంటోందనీ, గుండె దడదడమంటోందనీ గడగడా చెప్పుకుపోయేవారి కంటే, మాట దొరకని ఆ మనిషిని చూసి నేను ఎక్కువ కంగారుపడేవాణ్ణి. ఇదే చివరి మాటని కాదు, ఈసీజీ తీయకుండా ఎవరినీ ఇంటికి పంపలేదు.

నొప్పిని మాటలతో కొలవడం వైద్యానికి కొత్త కాదు. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన మెల్జాక్ 1975లో ప్రచురించిన ప్రశ్నావళిలో నొప్పి తీరును చెప్పే 78 ఇంగ్లీషు మాటలు 20 గుంపులుగా ఉంటాయి. రోగి తన నొప్పికి సరిపోయే మాటలను ఏరుకోవాలి. జపానువారు తమ భాషలోని ఇటువంటి జంట పదాలనే నొప్పి చెప్పుకోవడానికి వాడుతారు. పొడిచినట్టుండే నొప్పికి చికుచికు, అదిరిపడే నొప్పికి జుకిజుకి. మా ఆసుపత్రిలో ఒక కాలంలో వాడిన తెలుగు పట్టికలో మాత్రం నొప్పికి మూడే గళ్లు ఉండేవి, స్వల్పం, మధ్యస్థం, తీవ్రం. మూడూ సంస్కృతమే. ఆ పట్టిక నింపుతున్న నర్సును ఒకాయన ‘తీవ్రం అంటే సలుపా, పోటా?’ అని అడగడం నేను స్వయంగా విన్నాను.

ఇక మీ పత్రిక సంగతికి వస్తాను. మీకు ఈ మాటల మీద చిన్నచూపు ఉందని నేను అనలేను, ఎందుకంటే శీర్షికల్లో వీటిని మీ అంత ధారాళంగా వాడేవారు లేరు. ఆలయాలు భక్తులతో కిటకిటలాడతాయి, జెండాలు రెపరెపలాడతాయి, జనం చలికి గజగజ వణుకుతారు, పనులు చకచకా సాగుతాయి, ఉల్లి ధర భగ్గుమంటుంది, షేర్ మార్కెట్ ఢమాల్ మంటుంది. అయితే ఏడాది పొడుగునా తిరిగేవి ఆ పదో పన్నెండో మాటలే కావడంతో, అవి అరిగిపోయిన నాణేల్లా చప్పుడు పోగొట్టుకున్నాయి. ఏ ఆలయమైనా కిటకిటలాడక మరేం చేస్తుందని పాఠకుడు చూపు దాటించేస్తాడు. షేర్ మార్కెట్ పడితే తెలుగులో ఢమాలుమనిపించగలిగిన డెస్కు, కప్ప పడితే ఇంగ్లీషుకు ఎందుకు పరుగెత్తిందన్నదే నా ప్రశ్న. పెద్దలకు అరిగిపోయినవి పెట్టి, కొత్తగా వింటున్న పిల్లలకు అసలు పెట్టకపోవడం తిరగబడ్డ లెక్కగా ఉంది. ఆ వయసులో చెవిన పడని మాట తరువాత నిఘంటువులో దొరికినా నాలుక మీదికి రాదు; మా హౌస్ సర్జన్ ఉదంతం ఇందుకే ఇంత వివరంగా రాశాను.

పాత మాటలను మ్యూజియంలో పెట్టి కాపాడమని నేను అడగడం లేదు. ఈ మాటలు ఇప్పటికీ పుడుతూనే ఉన్నాయి. మోటారు సైకిలు వచ్చిన కొత్తలో జనం దాన్ని ఫట్‌ఫటి అన్నారు. సెల్‌ఫోను గుర్రుమంటుందని, చార్జింగు వైరు పెడితే కుయ్యిమంటుందని మా ఇంట్లో వాళ్లే అంటారు. అనువాదకులకు నా సూచన ఒక్కటే: బొమ్మల కథలో చప్పుడు తగిలిన చోట ఇంగ్లీషు అక్షరాలను తెలుగు లిపిలోకి దించే ముందు, కళ్లు మూసుకుని ఆ చప్పుడు ఒకసారి వినండి. కప్పలు బెకబెకలాడతాయి, పాము బుస్సుమంటుంది, కుక్కపిల్ల కుయ్‌కుయ్‌మంటుంది, పిచ్చుకలు కిచకిచలాడతాయి. దొరకని చోట అడగండి. పిల్లల పేజీలో వారానికి ఒక చప్పుడు ఇచ్చి, ‘మీ ఇంట్లో దీన్ని ఏమంటారు?’ అని అడిగితే, శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా, తెలుగు మాట్లాడే బరంపురం, హోసూరు ఇళ్లనుంచి కూడా, మీరు అచ్చువేయలేనన్ని జవాబులు వస్తాయి. వాన సంగతితో మొదలుపెట్టవచ్చు. రేకు మీద, తాటాకు మీద, అరిటాకు మీద, గొడుగు మీద అది ఒకే మాట అనదు.

మా మనవరాలు మీ బొమ్మల కథలో ‘స్ప్లాష్’ను స్కెచ్ పెన్నుతో కొట్టేసి, పైన ‘బుడుంగు’ అని దిద్దింది. ఆ కత్తిరింపును ఈ లేఖకు జతపరుస్తున్నాను. తలుపు దగ్గర ‘దబదబ’ నేను చెప్పిందే. కుక్క దగ్గర మాత్రం ఖాళీగా వదిలేశాం. నేను భౌభౌ అని రాయమన్నాను. తమ వీధి కుక్క అలా అనదని, ‘వవ్వవ్వవ్’ అంటుందని ఆమె పట్టుబట్టింది. రాత్రి విన్నాను. ఆమె అన్నదే దగ్గరగా ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రభుత్వ వైద్యుడు,
బాపట్ల జిల్లా